మిషన్ బాగైందా అక్కా

శుభ్రం విషయంలో నాకు పొగరు ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఉన్న మాట అది. విజయనగరం దగ్గర పల్లెలో మా అమ్మ బట్టలు ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరేసేది. మడత విప్పితే నేత చీర అట్టలా నిలబడాలి, అప్పుడే అది ఉతికినట్టు అనేది. పెళ్ళయ్యాక నాతో పాటు వచ్చినవాటిలో ఆ అలవాటు ఒకటి. ఎవరి చీరయినా నలిగి కనిపిస్తే చాలు, ఆ మనిషి ఇల్లు ఎలా ఉంటుందో, వంటగట్టు ఎలా ఉంటుందో కూడా నేనే ఊహించేసుకునేదాన్ని.

అలాంటి దాన్ని కిరండూల్‌లో పడేశాడు దేవుడు. మా ఆయన గూడ్స్ బండి గార్డు. బైలదిలా కొండల మీద తవ్విన ఇనుపరాయి విశాఖపట్నం తీసుకెళ్ళే బళ్ళ వెనక డబ్బాలో కూర్చుని వెళ్ళేవారు. తెల్ల యూనిఫారంతో వెళ్ళి ఇటుక రంగుతో తిరిగొచ్చేవారు. ఆ ఊళ్ళో ఎర్రదుమ్ము లేని చోటు లేదు. కిటికీ ఊచల మీద ఉండేది, పాలగిన్నె మూత మీద ఉండేది. పొద్దున్న లేచి ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది. కుళాయిలో మొదటి రెండు బిందెలూ పారబోయాల్సిందే.

రైల్వే క్వార్టరు ఖాళీ దొరక్క బజారు చివర మూడంతస్తుల బిల్డింగులో అద్దెకు దిగాం. మొత్తం పన్నెండు వాటాలు. ఇంటింటికీ వేరే నీళ్ళ పైపు వెయ్యడం ఇష్టం లేక ఇంటి ఓనరు ఒక ఉపాయం చేశాడు. మెట్ల కింద సైకిళ్ళ గదిలో రెండు వాషింగ్ మిషన్లు పెట్టించాడు. ఆరేసి ఇళ్ళకు ఒక్కో మిషను. ఒక పక్క ఉతికేది, ఇంకో పక్క నీళ్ళు పిండే డ్రయ్యరు. మాది కింద వాటా, ఆ గది పక్కనే. అందుకని మా ఆరిళ్ళ మిషను తాళం చెవీ, ఎవరు ఏ రోజు ఉతుక్కోవాలో రాసిన కాగితమూ నా దగ్గరే ఉండేవి. అదేదో పెద్ద పదవి అన్నట్టు చెవిని కొంగుకు ముడేసుకుని తిరిగేదాన్ని.

మంగళవారం, శుక్రవారం పొద్దున్న నా వంతు. అవే రోజుల్లో నా తర్వాత మూడో అంతస్తులో ఉండే ఒకావిడ వంతు.

ఆవిడది తెలుగు సరిహద్దున ఉండే కుంట పట్నం దాటి భేజ్జి వైపు ఊరు. భర్త ఇనుపరాయి లోడింగులో కాంట్రాక్టు కూలీ. మా ఆరిళ్ళలో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు వాళ్ళొక్కరే. మిగతా అందరూ హిందీ వాళ్ళు, ఒక బెంగాలీ కుటుంబం. ఆవిడకు ఇంట్లో దోర్లీ, బయట గోండీ, బజారులో హిందీ. వాటితో పాటు తెలుగు కూడా వచ్చు. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు ఆవిడ ముఖం చూడాలి. మెట్ల మీదే నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వరితోని మాట్లాడాల్నో తెల్వక నోరు ఎండిపోయిందక్కా" అంది. ఆ రోజు నుంచీ నేను అక్కనే. ఊరి నుంచి ఎవరొచ్చినా బోడకాకరకాయలో, చింతచిగురో, అడవి పుట్టగొడుగులో గుప్పెడు నా గుమ్మంలో పెట్టకుండా పైకి వెళ్ళేది కాదు.

నేను కూడా చెల్లీ అని పిలిచేదాన్ని. ఇద్దరమే ఉన్నప్పుడు. పక్కన ఇంకెవరైనా ఉంటే ఆ పిలుపు నా నోట్లోంచి వచ్చేది కాదు. ఆవిడ "ఏంది" అంటుంటే, నేనూ ఆ "ఏంది" మనిషినే అని వాళ్ళు అనుకుంటారేమోనని నాకు భయం. మేం "ఏటి" అంటాం. అదేదో గొప్ప తేడా అయినట్టు.

మిషను గొడవ ఎండాకాలం చివర మొదలైంది. లోపల గోడకు ఎర్రటి జారుడు మట్టి పట్టేది. పుల్లటి వాసన వచ్చేది. ఉతికి తీసిన బట్టల మీద ఎర్రటి పొక్కుల్లాంటివి అంటుకుని ఉండేవి. రెండో అంతస్తులో ఉండే స్కూలు టీచరమ్మ తెల్ల సల్వారు పాడైపోయిందని పెద్ద గోల చేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరిళ్ళ ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చున్నాం. కాదు, ఐదిళ్ళ వాళ్ళం. ఆవిడను పిలవలేదు.

ఎవరి బట్టల్లో ఎర్రమట్టి ఎక్కువ అన్న మాట రాగానే అందరి కళ్ళూ మూడో అంతస్తు వైపు వెళ్ళాయి. లోడింగు దగ్గర పనిచేసే మనిషి బట్టలు కదా, ఇంకేం కావాలి. నిజానికి మా ఆయన యూనిఫారం ముంచితే నీళ్ళు ఏ రంగుకు తిరిగేవో నాకు తెలుసు. నోరు తెరవలేదు. పైగా, "ఆ వాసన కూడా వాళ్ళ బట్టలదే అయ్యుంటుంది" అన్న మాట మొదట అన్నది నేనే.

ఇకమీదట కాంట్రాక్టు డ్యూటీ బట్టలు మిషన్లో వెయ్యకూడదని తీర్మానించారు. ఆవిడతో ఎవరు చెప్పాలి అన్నప్పుడు టీచరమ్మ నా వైపు తిరిగి, మీ భాషావిడే కదా, మీరే చెప్పండి అంది హిందీలో.

"మా భాష కాదండీ," అన్నాను వెంటనే. "వాళ్ళది అడవి వైపు. మాకూ వాళ్ళకూ సంబంధం లేదు."

ఆ వారం అంతా ఆవిడ తెచ్చిచ్చిన చింతచిగురు పప్పే తిన్నాం.

చెప్పడానికి నోరు రాలేదు. జాలి వల్ల అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. జాలీ కాదు, గీలీ కాదు. ఆవిడ దగ్గర మంచి అక్కగా ఉండాలి, వీళ్ళ దగ్గర వీళ్ళ మనిషిగా ఉండాలి, రెండూ కావాలి నాకు. మా ఆయనతో అంటే, "ఎందుకొచ్చిన గొడవే, కాయితం మీద రాసి అంటించీ. సదువుకుంటాది, ఊరుకుంటాది" అన్నారు. ఆవిడకు చదువు రాదని నాకు తెలుసు. తెలిసే హిందీలో రాశాను, పెద్ద అక్షరాలతో. కాంట్రాక్టు డ్యూటీ బట్టలు ఈ మిషన్లో వేయరాదు. మిషను పైన గోడకు అన్నం మెతుకులతో అంటించాను.

మంగళవారం నేను ఉతికి ఆరేసుకుని వస్తుంటే ఆవిడ బకెట్టుతో ఆ గదిలో నిలబడి ఉంది. గోడ వైపు చూస్తోంది.

"ఏందక్కా గిది? ఏం రాసిండ్రు?"

అదిగో, అక్కడ చెప్పేసి ఉంటే ఇంత రాయాల్సిన పనే లేదు.

"మిషన్ పాడైపోయింది చెల్లీ," అన్నాను. "డ్రయ్యరు కూడా తిరగడం లేదు. వెయ్యొద్దని రాశారు."

"అయ్యో. మల్ల ఎప్పుడు బాగైతది?"

"గీదం నుంచి మనిషి రావాలి. ఎప్పుడొస్తాడో."

"రెండోది నడుస్తది గదా?"

"అది అటు ఆరిళ్ళ వాళ్ళది. వాళ్ళు ఒప్పుకోరు."

ఆవిడ తల ఊపి బకెట్టు ఎత్తుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఐదు నిమిషాల ముందు అదే మిషన్లో ఉతికిన నా చీరలు వరండాలో నీళ్ళు కారుతూ ఉన్నాయి. ఆవిడ వాటి పక్క నుంచే నడిచి వెళ్ళింది. ఒక మిషను చప్పుడు వినిపించినా రెండోదనుకుంటుందిలే అని నా ధీమా. మా మిషను తాళం ఎలాగూ నా దగ్గరే ఉంది.

మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడి, "మిషన్ బాగైందా అక్కా?" అంది. లేదన్నాను. ఆ మర్నాడూ అడిగింది. అలా రోజూ. పాలకు వెళ్ళేటప్పుడో, కుళాయి దగ్గరో, నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటుంటేనో. విసుక్కునేది కాదు, ఎత్తిపొడిచేది కాదు. ఒక్కసారి నా ముఖంలోకి చూసి అడిగేది. లేదనగానే వెళ్ళిపోయేది.

అంతలో వానలు దిగాయి. బైలదిలా కొండల మీద మబ్బు కూర్చుందంటే వారం వారం లేవదు. ఆ వానల్లో అవసరమైంది ఉతకడం కాదు, ఆరడం. డ్రయ్యర్లో పిండిన బట్ట ఫ్యాను కింద వేస్తే ఒక రాత్రికి ఆరేది. చేత్తో పిండింది మూడు రోజులకూ ఆరదు. ఆవిడ భర్తకు డ్యూటీ బట్టలు రెండే జతలు. తడిబట్టలతోనే డ్యూటీకి వెళ్ళేవాడు. ఆవిడ వాటిని పొయ్యి మీద పట్టుకుని కొంత ఆరబెట్టేది, పొగవాసన మెట్ల దాకా వచ్చేది. కొన్నాళ్ళకు అతనికి చంకల్లో, తొడల దగ్గర ఒరుసుకుపోయి పుళ్ళు లేచాయి. కాళ్ళు ఎడంగా పెట్టి మెట్లు దిగుతుంటే నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. చూసి కిటికీ మూసేదాన్ని. నాలుగు రోజులు పనికి పోకపోతే ఆ చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటారని ఆవిడే నాతో చెప్పింది. ఆవిడ అరచేతులు సబ్బుకు పగిలి ఎర్రటి గీతలు పడ్డాయి. కొబ్బరినూనె రాసుకో చెల్లీ అని సలహా ఇచ్చాను. నూనె సీసా కూడా ఇచ్చాను. ఇచ్చి, ఎంత మంచిదాన్నో అనుకున్నాను కాబోలు.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఆ రోజు ఆడవాళ్ళం తెల్లచీరలు కట్టుకుంటాం. పొరుగువాళ్ళతో ఏదైనా కల్మషం ఉంటే ముందు దాన్ని తేల్చుకుని రండి అని పాస్టరుగారు ప్రతిసారీ చెప్తారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరలో మోకరించి, చెయ్యి చాపి రొట్టె తీసుకున్నాను. రెండు నెలలు తీసుకున్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది కానీ, దిగింది.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది. ఆవిడ బట్టలు మానేశాక మిషను శుభ్రపడాలి కదా? అంతకంతకూ అధ్వాన్నమైంది. గది తలుపు తీస్తే పులిసిన వాసన గుప్పున కొట్టేది. నీళ్ళు బయటికి పోవడం మానేశాయి. ఎర్రటి పెళ్ళలు తేలేవి. ఇన్నాళ్ళు ఆవిడ పోసిన మట్టి ఇప్పుడు బయటపడుతోందని నేనే అందరికీ నచ్చజెప్పాను. నమ్మారు కూడా. చివరికి ఒక రోజు ఉతికే చక్రం తిరగడం ఆగిపోయింది. ఓనరు గీదం నుంచి మెకానిక్కును పిలిపిస్తానన్నాడు. నా అబద్ధం నిజమైపోయిందని నాకు లోపల హాయిగా అనిపించింది. బాగుచేయించాక ఆ కాగితం చించేస్తే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాను.

మెకానిక్కు ఒక శుక్రవారం పొద్దున్న బస్సులో వచ్చాడు. ఐదిళ్ళ వాళ్ళమూ గది ముందు మూగాం. ఆవిడ కూడా దిగి వచ్చింది, బకెట్టు నిండా బట్టలతో. నన్ను చూసి, "అచ్చిండా అక్కా మనిషి? ఇయ్యాల బాగైతదా?" అంది. అవునన్నాను. ఆ రెండు నెలల్లో ఆవిడతో నేను చెప్పిన మొదటి నిజం అదే.

అతను మరలు విప్పి అడుగున ఉన్న చక్రం పైకి లాగాడు. దాని కింద అరచెయ్యి మందాన అట్టులా పేరుకుని ఉంది. పైన ఎరుపు, విరిస్తే లోపల తెలుపు. జిగురుగా సాగుతోంది. వాసన చూసి ముఖం చిట్లించి, "యే తో మాండ్ హై" అన్నాడు.

మాండ్ అంటే గంజి.

ఎవరు పోస్తున్నారమ్మా ఇందులో గంజి, అని అడిగాడు. దుమ్ము ఎంత వచ్చినా నీళ్ళతో పోయేదట. గంజి అడుక్కి దిగి, పేరుకుని, వచ్చిన ప్రతి దుమ్మునూ పట్టుకుని, పులిసి ఇలా అయిందట. మట్టి వల్ల మిషను పాడవలేదు, అన్నం నీళ్ళ వల్ల పాడైంది అన్నాడు.

వారానికి రెండుసార్లు, ఉతకడం అయ్యాక, గంజి వార్చి వడకట్టి ఆ మిషన్లోనే పోసి చీరలు, యూనిఫారాలు తిప్పేదాన్ని. బకెట్లో కంటే మిషన్లో అయితే సమానంగా పడుతుందని నేనే కనిపెట్టాను. మా అమ్మకు ఉత్తరంలో కూడా రాశాను. దాచి చేసిన పని కాదు. అది మురికి అవుతుందని నా బుర్రకు తట్టనే లేదు. గంజి అంటే శుభ్రం కదా, మా ఇంట్లో శుభ్రానికి అదే ఆఖరి మెట్టు.

ఎవరూ నా పేరు ఎత్తలేదు. అవసరం లేకపోయింది. ఆ బిల్డింగులో గంజిచీర కట్టే మనిషిని నేనొక్కదాన్నే. అప్పుడు కూడా ఒంటి మీద అదే ఉంది. గోడకు ఒదిగి నిలబడాలని కొంచెం జరిగితే చీర పెళపెళమని చప్పుడు చేసింది. అందరూ అటు చూశారు. భూమి చీలితే దూరిపోదామా అనిపించింది.

టీచరమ్మ గొంతు సవరించుకుని ఆవిడ వైపు తిరిగింది. పాపం, ఆ కాగితం నీ గురించే అంటించాం, ఊరికే నిన్ను ఆపేశాం అంది హిందీలో.

ఆవిడ నా వైపు చూసింది. నేను మెకానిక్కు చేతుల వైపు చూశాను. "గట్లనా," అంది ఆవిడ. తర్వాత వంగి, మిషను వెనక గోడ సందులో చెయ్యి పెట్టి అరిగిపోయిన బ్రష్షు ఒకటి తీసింది. కుచ్చంతా ఎర్రగా ఉంది.

"ఇది నాది," అంది. బ్రష్షు బకెట్లో వేసుకుని, మెట్లెక్కకుండా వెనక కుళాయి వైపు వెళ్ళిపోయింది.

కాగితం అంటించక ముందు రోజుల్లో, నా వంతు అయ్యాక, ఆవిడ వంతు మొదలయ్యే ముందు, గదిలోంచి గరగరమని రాపిడి చప్పుడు వచ్చేది. భర్త బట్టల మట్టి రుద్దుతోందని అనుకునేదాన్ని. ఆవిడ రుద్దింది నా గంజిని. వారానికి రెండుసార్లు నా వెనకాల వచ్చి, నేను పోసింది గోకి శుభ్రం చేసి, ఆ తర్వాత తన బట్టలు వేసుకునేది. ఒక్కరోజు కూడా ఇదేంటక్కా అనలేదు. ఆవిడను ఆపేశాక మిషను అంత త్వరగా ఎందుకు పాడైందో అప్పుడు అర్థమైంది నాకు.

ఆ సాయంత్రం కాగితం ఎవరో చించేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గార్డుగారి భార్యను కదా. ఇకమీదట గంజి బకెట్లో పెట్టుకోండి అని ఓనరు నవ్వుతూ చెప్పి పోయాడు, అంతే. నా మీద కాగితం రాయలేదు. ఆవిడ బట్టలే కారణమై ఉంటే వాటా ఖాళీ చేయించేవాళ్ళు. ఆ తేడా ఆ రాత్రి నన్ను తినేసింది.

ఆవిడ మళ్ళీ మిషను దగ్గరికి రాలేదు. రోజూ అడగడమూ మానేసింది. ఎదురుపడితే నవ్వేది, పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. నేను గంజి మానేశాను. తర్వాతి మొదటి ఆదివారం మెత్తటి చీరతో చర్చికి వెళ్ళాను. బల్ల దగ్గరికి అందరూ లేచారు, నేను కూర్చుండిపోయాను. పక్కావిడ మోచేత్తో పొడిచింది. నా వల్ల కాలేదు.

ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రాయి మీద భర్త ప్యాంటు ఉతుకుతోంది. నేను కొంగున ఉన్న తాళం చెవి ముడి విప్పాను.

"చెల్లీ, ఆ కాగితం రాసింది నేనే," అన్నాను. "పాడైందని నీతో చెప్పింది అబద్ధం. తెలిసే చెప్పాను. ఆ వాసన మీ బట్టలదని వాళ్ళతో అన్నదీ నేనే. ఇది తీసుకో. నీ దగ్గరే ఉండనీ."

ఆవిడ చేతులు తుడుచుకోలేదు, చెవి తీసుకోలేదు. ప్యాంటు తిరగేసి మళ్ళీ సబ్బు పెట్టింది.

"నాకు ఎర్కేనక్కా," అంది. "రెండో దినమే మా ఆయన సదివిండు ఆ కాయితం. నాకు రాదు గాని ఆయనకు అస్తది."

రెండో రోజే తెలిస్తే, ఆ తర్వాత అన్ని రోజులు?

"మరి రోజూ ఎందుకు అడిగావు? మిషన్ బాగైందా, బాగైందా అని?"

ఆవిడ మొదటిసారి తలెత్తి నా ముఖంలోకి చూసింది. రోజూ మెట్ల దగ్గర చూసినట్టే.

"నువ్వు చెప్తవేమోనని," అంది.

ఆ రెండు నెలల్లో ఆవిడ ఒక్కరోజు కూడా అడగడం మానలేదు.